నాన్న ఆగిన చోట

వినడమే ఆమె ఉద్యోగం. పొద్దున్నే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే సాయంత్రం దాకా ఎవరెవరో ఫోన్లలో మాట్లాడుకున్న మాటలు వింటూ కూర్చోవాలి. కొత్త ఫ్రిజ్జు చల్లబడటం లేదని ఒకాయన, రిపేరుకి వస్తానన్నవాడు రాలేదని ఒకావిడ. వాళ్ళ గోడు ఒక చెవిలో, 'మీ ఇబ్బంది అర్థమైందండీ' అనే కంపెనీ పిల్లల అరువు జాలి ఇంకో చెవిలో. ఆ పిల్లలు నిజంగా విన్నారా, మాటకి అడ్డం వచ్చారా, అవతలి మనిషి ఊపిరి పీల్చుకోడానికి ఆగితే సందు దొరికింది కదా అని దూరిపోయారా అని చూసి మార్కులు వేయడం ఆమె పని. మార్కుల కాగితంలో 'విన్నట్టు నటించారు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెట్టాలంటే ఆమె తర్వాతే ఎవరైనా.

ఆఫీసులో ఇంత పేరున్న మనిషిని ఇంట్లో పిడుగు అంటారు. నలభై దాటి, మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటున్నా చిన్నప్పుడు తండ్రి పెట్టిన ఆ పేరు వదల్లేదు.

ఆ సోమవారం సాయంత్రం పిడుగు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆమె అన్న వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టి, వేలితో ఆమె వైపు తోశాడు.

"మన చిన్నప్పటి వీడియో క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. షాపువాడు చేసిచ్చాడు. బొమ్మ పర్లేదు. సౌండే బాలేదు. నాన్న నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది."

"టీవీలో పెంచి చూశావా?"

"పెంచితే నాన్న కన్నా ముందు అమ్మ మిషను లేస్తోంది. టకటకా టకటకా, బుర్ర తినేస్తోంది. ఆదివారం నాన్న పుట్టినరోజుకి అందర్నీ పిలిచేశాను. నాన్న కథలు వేస్తాం రమ్మని కూడా చెప్పేశాను."

"అన్నీ చేసేసి ఇప్పుడొచ్చావు."

"నువ్వు రోజంతా చేసేది అదేగా. చెవుల పని."

ఆ మాటకి ఆమెకి లోపల్లోపల పొంగు వచ్చిన సంగతి ఒప్పుకోవాలి. అన్న ఆమెని ఏదైనా పనికి సరిపోతావని అనడం అమావాస్యకో పున్నానికో జరిగే సంగతి. "సరే చూస్తాలే, పెట్టి వెళ్ళు" అంది బెట్టుగా.

తండ్రికి మాట పోయి ఆర్నెల్లయింది. ఒకరోజు పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారింది, దానితోపాటే మాటా జారింది. నోరు తెరిస్తే 'ఆ' తప్ప ఇంకోటి రాదు. బతుకంతా షాపులకి బోర్డులు రాసిన పెయింటరు ఆయన. అలాంటి మనిషి, కుడిచెయ్యి పడిపోయి, ఎడమచేతికి కలమిస్తే పిచ్చిగీతలు గీసి, వాటిని తనే అయోమయంగా చూసుకుంటున్నాడు. మనం అనేదంతా తెలుస్తుంది, తను చెప్పలేడు, రాయలేడు అని డాక్టరు చెప్పాడు. అంతకు ఏడాది ముందే తల్లి పోయింది. ఇక తండ్రి గొంతు ఎవరికి వినబడాలన్నా, ఆయనకే వినబడాలన్నా, ఆ పెన్‌డ్రైవ్‌లోంచి రావాల్సిందే. దాన్ని బయటికి తీసే పూచీ ఇప్పుడు పిడుగు మీద పడింది.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి మొదటి ఫైలు పెట్టింది. అన్న ఇప్పుడుంటున్న ఇల్లే, ఆ ముందుగదే. పేముకుర్చీలో తండ్రి, చేతివేళ్ళ మీద ఆరీ ఆరని రంగుచుక్కలు. కింద చాప మీద రెండు చిన్న బుర్రల వెనక భాగాలు, ఒకటి అన్న, ఒకటి తను. కుడిపక్కన కిటికీ కింద కుట్టుమిషను. తల్లి బొమ్మలో సగమే పడింది: వంగిన మెడ, ఆడుతున్న మోచెయ్యి, ఒళ్ళో కుప్పగా ఎవరిదో గుడ్డ. బోర్డు రాయించుకున్న ఫొటో షాపువాడు డబ్బుకి బదులుగా అంటగట్టిన పాత కెమెరా అది. దాన్ని స్టూలు మీద నిలబెట్టి తీసినవే అన్నీ.

తండ్రి కథ చెబుతున్నాడు. పడవవాడి కథ. వరదలో పడవ తిరగబడే చోటికి రాగానే చెయ్యి గాల్లోనే ఆపి, పక్కకి ఒక చూపు చూసి, మళ్ళీ అందుకున్నాడు. ఆ ఆగడం, ఆ పక్కచూపు ఆయన ప్రత్యేకత. ఆ రోజుల్లో నాన్న కథంటే ఇద్దరూ చెవి కోసుకునేవాళ్ళు. ఆయన ఆగినప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాళ్ళు. ఆ క్షణంలో మిషను కూడా ఆగడం ఇప్పుడు వింటుంటే తెలిసింది. కుట్టే చేతులు ఆపేసి అమ్మ కూడా కథలో పడిపోయేది కాబోలు అనుకుంది పిడుగు. అలా అనుకోడానికి బాగుంది కూడా.

మర్నాడు సాయంత్రమంతా అదే పని. కంప్యూటర్లో సౌండు ఒక గీతలా పరుచుకుని ఉంటుంది. గట్టిగా మాట్లాడిన చోట గీత ఉబ్బుతుంది, మెల్లగా మాట్లాడిన చోట సన్నబడుతుంది. తండ్రి గొంతు మొత్తం ఈనెపుల్లంత సన్నంగా ఉంది. ఆమె దాన్ని పట్టి పైకి లాగింది. గొంతు లేచింది, దానితో టేపు హోరు లేచింది, వీధిలో ఎవరిదో స్కూటరు లేచింది, అన్నిటినీ తోసుకుని మిషను లేచింది. కిందికి దింపింది. తండ్రి మళ్ళీ నూతిలోకి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత పెట్టేసి, ఆఫీసులో చెవులాయన దగ్గరికి వెళ్ళింది. కాల్స్ రికార్డు చేసే యంత్రాలు చూసుకునే మనిషి ఆయన. సగం చెవుడు, అందుకే ఆ పేరు. ఆ మాటంటే ఆయనకి కోపం రాదు. "నాకు వినపడక్కర్లేదండీ, కనపడితే చాలు" అంటాడు. ఆమె చూపించిన గీతని కళ్ళజోడు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"మీరు వాల్యూము పెంచుతున్నారు కదా? అదీ తప్పు. ఇల్లు ఊడవకుండా లైటు పెంచితే ఏం కనబడుతుంది, చెత్తే కదా. ముందు ఊడవాలి."

"ఎలా ఊడవను? గొంతూ మిషనూ కలిసిపోయి ఉన్నాయి."

"మాట్లాడే ఆయన ఆగిన చోటు ఒకటి పట్టుకోండి. అక్కడ ఉన్నదంతా చెత్తే కదా. దాన్ని కంప్యూటరుకి చూపించి, చెత్తంటే ఇదీ అని చెప్పండి. అలాంటిది టేపులో ఎక్కడ కనిపించినా అదే ఏరిపారేస్తుంది. తర్వాత ఇదిగో, ఇక్కడ అడ్డంగా ఒక గీత పెట్టండి. గీత కిందున్న చప్పుళ్ళన్నీ సున్నా. మన కాల్స్‌కి చేసేది ఇదే. అప్పుడు మీ నాన్నగారి గొంతు మిద్దె దాకా పెంచుకున్నా ఏ గోలా ఉండదు."

"గీత కింద పనికొచ్చేది ఏదైనా ఉంటే?"

చెవులాయన నవ్వాడు. "పనికొచ్చేదైతే గీత కింద ఎందుకుంటుందండీ."

ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది. తోచకపోతే ఈ కథ లేదు.

ఆ సాయంత్రం పడవవాడి కథలో తండ్రి ఆగిన చోటు వెతికి పట్టుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ముక్క ఒక్కటే వింది. మిషను చక్రం ఆగీ ఆగకుండా తిరుగుతోంది. హోరు. దాని అడుగున ఎక్కడో సన్నగా తల్లి గొణుగుడు. కుట్టేటప్పుడు ఆమె ఎప్పుడూ నోట్లో ఏదో గొణుక్కునేది. కొలతలు లెక్కపెట్టుకుంటోంది, పలకరిస్తే లెక్క తప్పుతుంది అని పిల్లలిద్దరూ తమలో తాము తేల్చేసుకున్నారు. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"అమ్మ లెక్కలు" అనుకుని పిడుగు నవ్వుకుంది. ఈ గొణుగుడు ఉంచేద్దామా అని కూడా అనుకుంది. కానీ ఆదివారం తరుముకొస్తోంది, మాటలా అంటే మాటలూ కావు. ఆ ముక్కని మొదటినుంచి చివరిదాకా గుర్తుపెట్టి, చెత్తంటే ఇదీ అని కంప్యూటరుకి చూపించింది.

తడిగుడ్డతో బల్ల తుడిచినట్టు మొత్తం పోయింది. మిషను లేదు, స్కూటరు లేదు, హోరు లేదు. అడ్డగీత పెట్టి, తండ్రి గొంతుని నాలుగింతలు పెంచింది. "అప్పుడు వాడికి ఆ పడవలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయర్రా" అన్నాడు తండ్రి, పక్కన కూర్చుని చెప్పినట్టు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, హెడ్‌ఫోన్లు తీయకుండానే ఏడ్చింది. ఆర్నెల్ల తర్వాత తండ్రి ఆమెతో మాట్లాడాడు. అది ఆమె చేతి చలవే.

తక్కిన టేపులన్నిటికీ అదే మంత్రం వేసింది. ప్రతి టేపు మొదట్లో కెమెరా సర్దుకోవడంతో సరిపోయిన కొంత సేపు ఉంది. తండ్రి వీపు, స్టూలు కాలు, సగం సగం మాటలు. ఎవరు చూస్తారని వాటిని కోసేసింది. ఆఖరి క్యాసెట్టు కథ మధ్యలో అయిపోయింది, మొండిది ఎందుకని దాన్ని అసలు కలపలేదు. శుక్రవారానికి అంతా ఒక సినిమాలా తయారైంది. అన్నకి పంపింది. అతను దాని ముందు పెద్ద అక్షరాలతో 'నాన్న కథలు' అని పెట్టించి, పుట్టినరోజు దాకా ఆగలేక చుట్టాలందరి ఫోన్లకీ పంపేశాడు.

ఆదివారం సాయంత్రానికి ముందుగది కుర్చీలతో నిండిపోయింది. చాలకపోతే పక్కింటివాళ్ళ బెంచీ కూడా వచ్చింది. తండ్రిని ఉతికిన చొక్కా తొడిగి టీవీకి ఎదురుగా పేముకుర్చీలో కూర్చోబెట్టారు. కేకు కోసేటప్పుడు అన్న ఆయన చెయ్యి పట్టుకుని కత్తి నొక్కించాడు. ఆయన అందర్నీ చూసి నవ్వాడు, మూతి ఒక పక్కకే వెళ్ళింది.

లైటు తీసేసి సినిమా వేశారు. తండ్రి గొంతు ఖంగుమని వచ్చేసరికి గదిలో గుసగుసలు చప్పున ఆగిపోయాయి. వదిన పమిటచెంగుతో కళ్ళొత్తుకుంది. తండ్రి ముందుకు వంగి, టీవీలో తనని తను చూసుకుంటూ మురిసిపోయాడు. పిడుగు టీవీని చూడటం మానేసి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. ఆ సంతోషం కోసమే కదా వారమంతా అన్నం కూడా సరిగా తినలేదు.

పడవవాడు వరదలోకి వెళ్ళాడు. టీవీలో తండ్రి చెయ్యి గాల్లో ఆపి పక్కకి చూశాడు. గదిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

"చూశారా, ఆ ఆగడం చూశారా" అంది ముందు వరసలోంచి మేనత్త, ఆయన చెల్లెలు. "మా అన్న ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. కథంతా ఆ ఆగడంలోనే ఉంటుంది."

తండ్రి ఎడమచెయ్యి లేచింది. అరచెయ్యి పైకి తిప్పి, పెంచు పెంచు అన్నట్టు ఊపాడు. అన్న రిమోటు నొక్కాడు. ఇంకో చోట టీవీలో తండ్రి ఆగాడు. పేముకుర్చీలో చెయ్యి మళ్ళీ లేచింది. అన్న ఇంకా పెంచాడు. కిటికీ అద్దాలు జుయ్యిమన్నాయి. మూడోసారి ఆయన చెయ్యి ఊపలేదు, కుర్చీ చేతిమీద దబదబా కొట్టాడు. "ఆ, ఆ" అని టీవీకేసి, తర్వాత పిడుగుకేసి చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయో కోపముందో ఆ వెలుగులో ఆమెకి తెలియలేదు.

"ఇంతకన్నా పెంచితే టీవీ పేలుతుంది నాన్నా" అన్నాడు అన్న.

"పాపం, తన గొంతు తనే వింటుంటే ఎవరికైనా దుఃఖం రాదూ" అంది మేనత్త. "ఆపేయరా ఇంక."

ఆపేశారు. లైటు వేశారు. జనం కేకు తిన్నారు, ఆయన చెయ్యి నొక్కి, భుజం తట్టి వెళ్ళిపోయారు. కుర్చీలు సర్దుతూ అన్న ముభావంగా అన్నాడు, "ఇంత కష్టపడి చేస్తే నాన్నకి నచ్చనే లేదు చూడు."

"నచ్చకపోవడం కాదండీ" అంది వదిన ప్లేట్లు ఏరుతూ. "మామయ్యగారు ఏదో అడుగుతున్నారు. మనకే తెలియడం లేదు."

పిడుగుకి ఆ మాట ముల్లులా దిగింది. ఒకే మాట మనిషి చేత మూడుసార్లు చెప్పించుకుంటే అవతలివాళ్ళు విననట్టే లెక్క. ఆ లెక్క ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది ఆమే. ఇవాళ తండ్రి మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ తామంతా రిమోటు నొక్కారు. గడిలో టిక్కు తనకే పడాలి.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. అన్న పనికి వెళ్ళిపోయాడు. వదిన టీ ఇచ్చి, బట్టలు ఆరేయడానికి పైకి వెళ్ళింది. తండ్రి పేముకుర్చీలో కూర్చుని ఆమెని చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"అలకలు మానేసి ఇలా చూడు నాన్నా. తప్పేంటో చూపించు, దిద్దుతాను."

ఆయన ముందు స్టూలు వేసి ల్యాప్‌టాప్ పెట్టింది. సినిమా కాదు, సౌండు గీత తెరిచింది. "ఇది నీ గొంతు. ఉబ్బెత్తుగా ఉన్న చోట మాట్లాడుతున్నావు. సౌండు చాలలేదా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎక్కువైందా?" మళ్ళీ అడ్డంగానే. "కథ ఏమైనా కోసేశానా?"

ఆయన తల ఊపడం ఆపాడు. ఎడమచేతి చూపుడువేలు చాపి, మెల్లగా తెర మీద పెట్టాడు. రెండు ఉబ్బుల మధ్య గీత చదునుగా, దారంలా ఉన్న చోట.

"అక్కడేం లేదు నాన్నా. నువ్వు ఆగిన చోటది."

ఆయన వేలు తీయలేదు. గోటితో టకటకమని అక్కడే కొట్టాడు. తర్వాత ఇంకో చదును దగ్గర కొట్టాడు. ఇంకో దాని దగ్గర.

పిడుగు షాపువాడు ఇచ్చిన అసలు ఫైలు తెరిచింది. ఏదీ ఊడవనిది. పడవవాడి కథలో అదే చోటికి వెళ్ళి, తండ్రి గొంతుని పట్టించుకోకుండా ఆ ఆగిన ముక్కని మాత్రమే పెంచింది. మిషను చక్రం ఆగీ ఆగకుండా తిరిగింది. హోరు చెవుల్లో కొట్టింది. ఇంకా పెంచింది. మళ్ళీ మళ్ళీ వింది. నాలుగోసారికో ఐదోసారికో గొణుగుడు మాటలైంది.

"తెడ్డు విరిగింది. చేతులతో తోశాడు. అది చెప్పండి."

వెంటనే తండ్రి గొంతు, పెంచిన పెంపుకి బద్దలవుతూ, "తెడ్డు విరిగిందర్రా! మరి వాడేం చేశాడు? ఇదిగో, ఈ రెండు చేతులతో..."

ఆమె ఇంకో ఆగిన చోటికి వెళ్ళింది. "తమ్ముడు కాదు, మరిది. తప్పు చెప్పారు." ఇంకో చోటికి. "ఇక్కడ కాసేపు ఆపండి, పిల్ల భయపడుతోంది." ఇంకో చోట మాటల్లేవు, చిన్న నవ్వు. ఎక్కడ తండ్రి ఆగాడో అక్కడల్లా మిషను ఆగింది, తల్లి అందించింది. తండ్రి పక్కచూపు చూసింది అందుకు. ఇన్నేళ్ళూ ఇల్లంతా మెచ్చుకున్న ఆ ఆగడంలో కథ నిజంగానే ఉంది, మేనత్త అన్నట్టే.

హెడ్‌ఫోన్లు మెడలోకి దించి తండ్రిని చూసింది. "కథలన్నీ అమ్మవా?"

ఆయన ఆశ్చర్యపోయాడు. దాచింది బయటపడిందన్న ఆశ్చర్యం కాదు. ఇది కూడా తెలియదా నీకు అన్నట్టు చూశాడు. తల గట్టిగా నిలువుగా ఊపి, వేలితో గీతని వెనక్కి, బాగా వెనక్కి తొయ్యమన్నాడు. ఆమె టేపు మొదటికి వెళ్ళింది. తను కోసేసిన చోటికి.

తండ్రి వీపు. స్టూలు కాలు. బొమ్మ ఊగుతోంది. కెమెరాకి అడ్డంగా నిలబడి ఆయన అంటున్నాడు, "సొమ్మొకరిది సోకొకరిది అయిపోయిందర్రా. కథలు మీ అమ్మవి, పేరు నాది. ఇవాళ మీ అమ్మే చెబుతుంది. నేనూ మీతోపాటు చాప మీద కూర్చుంటా."

"వద్దు!" అంది ఒక చిన్నపిల్ల గొంతు. మైకు పక్కనే ఉందేమో, ల్యాప్‌టాప్ స్పీకరు గరగరలాడింది. "అమ్మ చెప్తే వినపడదు. నువ్వే చెప్పు నాన్నా."

"అమ్మ గొణుగుతుంది" అని అన్న గొంతు వంత పాడింది.

దూరంగా, కిటికీ వైపు నుంచి, తల్లి నవ్వు. "సరే, మీరే చెప్పండి. నేను అందిస్తాలెండి." మిషను మొదలైంది.

ఉన్న టేపులన్నిటిలో పెంచాల్సిన అవసరం లేని గొంతు ఆ చిన్నపిల్లది ఒక్కటే. పిడుగు ఆ ముక్కని మళ్ళీ వేయలేదు. ఒకసారి చాలు.

ఆమెకి ఆస్పత్రి గది గుర్తొచ్చింది. ఆఖరి రోజుల్లో తల్లి మగతలో ఉండి కూడా పెదాలు కదుపుతూనే ఉండేది. మధ్యమధ్య ఆగేది. ఆగి, కళ్ళు తెరిచి, పక్కనున్నవాళ్ళకేసి చూసేది. ఏమంటున్నారమ్మా ఆవిడ, కాస్త వినండి అని నర్సు అడిగింది. మంచం పక్కన కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎవరివో కాల్స్ వింటున్న పిడుగు ఒక చెవి హెడ్‌ఫోను పక్కకి జరిపి జవాబు చెప్పింది. "ఏం లేదు సిస్టర్, కొలతలు లెక్కపెట్టుకుంటోంది. టైలరు కదా." చెప్పి, హెడ్‌ఫోను సర్దుకుంది. అమ్మ ఎవరికి ఏం అందిస్తోందో, ఎవరు అందుకుంటారని ఆగి చూసిందో ఇప్పుడు తెలిసి ఏం లాభం.

ఫోను మోగింది. మేనత్త. సినిమా ఎంత బాగుందో, తన ఆడపడుచు నాలుగుసార్లు చూసిందట, మా అన్న ఆగే తీరు ఇంకెవరికీ రాదట. "అవునత్తయ్యా" అంది పిడుగు. చెప్పడానికి నోరు తెరిచింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక, తర్వాత చేస్తానని పెట్టేసింది. ఆ సినిమా ఇప్పుడు ఎన్ని ఫోన్లలో ఉందో, ఎన్ని ఇళ్ళలో అమ్మ లేకుండా ఆడుతోందో.

తండ్రి ఆమె మోచేతి మీద తట్టాడు. ఇంకా వెయ్యమన్నట్టు తెర చూపించాడు.

"అన్నీ వేస్తాను నాన్నా. ఏదీ తుడవను."

సినిమాలో కలపకుండా వదిలేసిన ఆఖరి క్యాసెట్టు ఫైలు పెట్టింది. హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకర్లోనే వేసింది. గొంతు నూతిలోనే ఉంది, హోరు, మిషను అన్నీ ఉన్నాయి. ఇద్దరూ ల్యాప్‌టాప్ మీదికి వంగి, తలలు ఆనించుకుని విన్నారు. తాళాలు బాగుచేసేవాడి కథ. ఒక పెద్ద ఇంట్లో ఏళ్ళ తరబడి తెరవని గది. తాళంచెవి లేదు. లోపల ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తాళాలవాడిని పిలిపించారు. వాడు పొద్దంతా కూర్చుని ఆకురాయితో కొత్త తాళంచెవి రుద్దుతున్నాడు. మధ్యలో అలిసిపోయి చెయ్యి ఆపాడు. ఆపితే, తలుపు లోపలివైపు నుంచి కూడా ఎవరో రుద్దుతున్న చప్పుడు. వాడు తలుపుకి చెవి ఆనించాడు.

"అప్పుడు తాళాలవాడు..." అన్నాడు టేపులో తండ్రి.

ఆగాడు. మిషను ఆగింది. హోరులో తల్లి ఊపిరి తీసుకోవడం వినిపించింది. అంతలో టేపు అయిపోయింది. తెర నీలంగా అయింది.

పిడుగు తల ఎత్తింది. తను ఈ కథ విన్నదే, చాప మీద ఆ రెండు బుర్రల్లో ఒకటి తనదే. కానీ ఎంత తన్నుకున్నా తర్వాత ఏమైందో గుర్తు రాలేదు. అప్పుడు కూడా కథ మొత్తం విన్నదో, నిద్రపోయిందో.

"తర్వాత ఏమైంది నాన్నా? మాట రాకపోతే చేత్తో చూపించు. నేను పోల్చుకుంటాను. తలుపు తెరుచుకుందా?"

తండ్రి మొహం వెలిగింది. ఎన్నాళ్ళకో ఆయన్ని ఒకరు కథ అడిగారు. కుర్చీలో నిటారుగా సర్దుకుని, వెనకటిలాగే చెయ్యి ఎత్తాడు. నోరు తెరిచాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆయన తల కుడిపక్కకి, కిటికీ వైపు తిప్పాడు. అక్కడ వదిన ఇస్త్రీ బల్ల ఉంది, దాని మీద మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి. ఆయన అటే చూస్తూ, చెయ్యి దించకుండా, అందించేదాకా ఆగాడు. ఆమె ల్యాప్‌టాప్ మూసేసి, తను కూడా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.